తొమ్మిది, తొమ్మిది, అయిదు

నాది కలప వ్యాపారం. ముప్పై ఏళ్ళుగా అటవీశాఖ డిపోలో వేలం పాటకు వెళ్తున్నాను. మనిషి దుంగ దగ్గర ఎంతసేపు నిలబడ్డాడు, చేత్తో తట్టి చూశాడా, చూడనట్టు నటించి పక్కకు పోయాడా అన్నదాన్ని బట్టి వాడు ఎక్కడిదాకా పాడతాడో చెప్పగలను. చదువు మాత్రం పదో తరగతితో ఆగిపోయింది. అందుకని మా అక్క కూతురు తన పరిశోధన సంగతులు చెప్పడం మొదలుపెట్టినప్పుడు, నా బుర్రకు ఎక్కేది ఏమీ ఉండదనుకున్నాను. తీరా చూస్తే అందులో నాకు తెలియని విద్య ఏమీ లేకపోయింది.

ఆ పిల్ల మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. యూనివర్సిటీ మా కలప అడితికి రెండు స్టాపుల దూరం. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా టేపు పట్టుకుని దుంగలన్నీ కొలిచేది. మేస్త్రీ చెప్పిన కొలతకు అంగుళం తగ్గినా ఊరుకునేది కాదు. అడితిలో వాళ్ళు దానికి కొలబద్ద అని పేరు పెట్టారు. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ పేరు పోలేదు.

పరిశోధన కూడా మా దుంగల మీదే. చిన్న సుత్తితో దుంగను కొట్టి, ఆ చప్పుడును బట్టి లోపల తొర్ర ఉందో పగులు ఉందో కోయకుండానే కంప్యూటరు చేత చెప్పించడం. నాలుగేళ్ళలో నాలుగు వేల రెండు వందల దెబ్బలు కొట్టింది. కొట్టిన ప్రతి దుంగనూ తర్వాత రంపం కింద పెట్టించి, లోపల నిజంగా ఏముందో కళ్ళతో చూసి రాసుకుంది. ఊహించి రాసింది ఒక్కటీ లేదు. దానికి నేను సాక్షిని.

డిగ్రీ చేతికి రావాలంటే పెద్ద సదస్సుల వాళ్ళు రెండు పేపర్లు ఒప్పుకోవాలి. ఒకటి అయింది. రెండోది, అంటే ఈ దుంగల పేపరు, రెండుసార్లు తిరిగొచ్చింది. ఈ ఏటితో యూనివర్సిటీ ఇచ్చిన గడువు అయిపోతుంది. మూడోసారి పంపింది. ఈసారీ తిరిగొస్తే నాలుగేళ్ళూ నీళ్ళపాలు.

ఒక ఆదివారం ఉదయం భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది. ఆ సదస్సు వాళ్ళే దానికి ఆరు పేపర్లు దిద్దే పని అప్పజెప్పారట.

"నీ పేపరు పంపావు, సరే. ఎవరెవరివో నువ్వెందుకు దిద్దడం?" అంది మా ఆవిడ.

"పంపినవాళ్ళే దిద్దాలి అత్తయ్యా. ఏడు వేలు వచ్చాయి. వేరే మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెస్తారు?"

"పరీక్ష రాసినవాళ్ళే ఒకళ్ళ కాగితాలు ఒకళ్ళు దిద్దుకోవడమా! మా స్కూల్లో అలా చేస్తే చెవులు పిండేవారు."

"పేర్లు ఉండవుగా. రాసిందెవరో నాకు తెలీదు. దిద్దిందెవరో వాళ్ళకి తెలీదు. ఒక్కో పేపరు ముగ్గురు చూస్తారు. పదికి ఇన్ని అని మార్కులు వేసి, ఎందుకు వేశామో రాస్తాం. పైన ఒక పెద్ద ఉంటారు. ముగ్గురి మాటా చూసి తీసుకోవాలో వద్దో ఆయన చెబుతారు. నాలుగింట ఒకటి నిలుస్తుంది."

"మరి ఏ పేపరు ఎవరి దగ్గరికి పోవాలో ఎవరు చెబుతారు?" అన్నాను నేను.

"ముందు అన్నిటి పేర్లూ, నాలుగు ముక్కల్లో సారాంశం మాకు చూపిస్తారు. నాకిది కావాలి, ఇది ఫర్లేదు, ఇది వద్దు అని పెడతాం. దాన్ని బట్టి కంప్యూటరు పంచుతుంది. దాన్ని కూడా బిడ్డింగ్ అనే అంటారు మామయ్యా, నీ వేలంలో లాగే."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"ముందే మాట్లాడుకుని బిడ్ వేస్తే?"

"పేర్లే తెలీవంటుంటే ఎవరితో మాట్లాడుకుంటారు?"

"రాసినవాడికి తన సరుకు తెలుసుగా. నాది ఫలానా నంబరు అని తోటివాడి చెవిలో ఊదడానికి ఎంతసేపు?"

"అందరూ నీలాంటివాళ్ళే ఉంటారా ఏంటి?" అని నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది. నేనూ నవ్వి, గ్లాసు మళ్ళీ ఎత్తాను.

దాచడానికి ఏముంది? డిపోలో మేం ఐదుగురం ఉన్నాం. వేలానికి ముందురోజు కూర్చుని ఏ దుంగల లాటు ఎవరిదో అనుకుంటాం. మర్నాడు మిగతా నలుగురూ పాట పాడినట్టే పాడి, అనుకున్న చోట ఆగిపోతారు. చూసేవాడికి పోటీ కనిపిస్తుంది. ఆమధ్య కొత్తగా మిల్లు పెట్టిన ఒకాయన మా లెక్కలోకి రానన్నాడు. మేం ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆయనకు కావలసిన ప్రతి లాటు ధరనూ కొండ మీదికి ఎక్కించాం, అంతే. నాలుగో నెల ఆ మిల్లుకు తాళం పడింది. అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్నది ఒకటే: ఆయన్ని ముంచినవాళ్ళలో నేనూ ఉన్నానని ఆయనకు చివరిదాకా తెలియలేదు. రోజూ నాకు నమస్కారం పెట్టేవాడు.

ఆ ఆరు పేపర్లలో నాలుగు వందల పదిహేడో నంబరుది చంటిపిల్లల గురించి. పుట్టిన బిడ్డ ఊపిరి చప్పుడు ఫోనులో వినిపిస్తే చాలు, ఊపిరితిత్తుల్లో జబ్బు ఉందో లేదో చెప్పేస్తుందట. నూటికి తొంభై ఎనిమిది సార్లు సరిగ్గా చెప్పిందని రాశారు. కొలబద్ద మూడు రోజులు దాని చుట్టూ తిరిగింది. చప్పుళ్ళ పని కదా, తనకు చేతికి వచ్చిన విద్య.

నాలుగో రోజు నన్ను పిలిచింది. "మామయ్యా, నువ్వొక పలక నుంచి ముక్క కోసి శాంపిల్ అని చూపించి, మళ్ళీ అదే పలక నుంచి ఇంకో ముక్క కోసి, చూడండి సరుకంతా ఇలాగే ఉంటుంది అంటే?"

"కొనేవాడు గుడ్డివాడైతే కొంటాడు."

"వీళ్ళు చేసింది అదే. ఒకే బిడ్డ ఊపిరిని పది ముక్కలు చేశారు. ఆరు ముక్కలు కంప్యూటరుకి నేర్పడానికి, నాలుగు దాన్ని పరీక్షించడానికి. అది జబ్బుని గుర్తుపట్టడం లేదు, బిడ్డని గుర్తుపడుతోంది. కొత్త బిడ్డని తెస్తే తెల్లమొహం వేస్తుంది."

పదికి రెండు వేసింది. ఎక్కడ తప్పుందో, ఎలా సరిదిద్దుకోవచ్చో పేజీన్నర రాసింది. తిట్టు ఒక్కటి లేదు. అంత ఓపిగ్గా ఎందుకు రాశావంటే, "నా పేపరుకి ఎవరైనా ఇలా రాస్తే బాగుండేదని" అంది.

వారం తర్వాత, దిద్దినవాళ్ళు ఒకరివి ఒకరు చూసుకునేలా మిగతా ఇద్దరి మార్కులు తెరిచారు. తొమ్మిది. తొమ్మిది. ఒక్కొక్కరూ మూడేసి వాక్యాలు రాశారు. పని గొప్పది, ఫలితాలు గొప్పవి, తీసుకోండి. రెండింట్లోనూ ఒకే చోట ఒకే విశేషణం. కొలబద్ద నాకు చూపించి, "ఇద్దరూ ఒక్కరే రాసినట్టుంది కదూ?" అంది.

"పై పెద్దకి చెప్పావా?"

"మార్కుల మధ్య తేడా ఐదు దాటితే ఆయనే నాలుగో మనిషిని పిలవాలి. అది రూలు. నేను చెప్పక్కర్లేదు."

ఆ మర్నాడు పొద్దున మేం టిఫిను దగ్గర ఉండగా దాని ప్రొఫెసరు గారు ఫోను చేశారు. ఆయన దగ్గరే అది పరిశోధన చేసేది. బల్ల మీద ఫోను పెట్టి స్పీకరు నొక్కింది, చేతికి నెయ్యి అయిందని.

"ఏమ్మా, నీ పేపరు ఈసారి నిలవాలి కదా. గడువు దగ్గరపడుతోంది, నాకూ బెంగగా ఉంది."

"అవును సార్."

"ఆ చంటిపిల్లల పేపరు... కొంచెం పెద్ద మనసుతో చూడమ్మా. రెండు అంటే మరీ... అంత పట్టుదల ఎందుకు? ఆలోచించు. సరే ఉంటాను."

ఫోను ఆగిపోయింది. మా ఆవిడ ఇంకో ముద్ద వడ్డించబోయి ఆగింది.

"నేను రెండు వేసినట్టు ఆయనకెలా తెలుసు?" అంది కొలబద్ద. "ఆ పేపరు నా దగ్గరకొచ్చినట్టే ఎవరికీ తెలీకూడదు. మీ ఇద్దరికి తప్ప నేనెవరికీ చెప్పలేదు."

"మాకేం తెలుసమ్మా, మేమెవరితో చెబుతాం?" అంది మా ఆవిడ భయంగా.

నాకు మాత్రం ఆ గొంతు కొత్తగా అనిపించలేదు. మిల్లు ఆయనతో మా ఐదుగురిలో పెద్దాయన మొదటిసారి మాట్లాడింది సరిగ్గా అలాగే. బెంగతో మొదలుపెట్టి, ఆలోచించమని ముగించడం. బెదిరింపు అని వేలు పెట్టి చూపడానికి అందులో ఒక్క ముక్క ఉండదు.

ఆ పిల్ల తినడం మానేసి నా మొహం చూస్తోంది. "చెప్పు మామయ్యా. ఏం చెయ్యను?"

నేను లెక్క వేశాను. ఒకవైపు నాలుగేళ్ళు, నాలుగు వేల రెండు వందల దెబ్బలు, గడువు. ఇంకోవైపు ఎవరో మొహం తెలియని వాళ్ళ పేపరు ఒకటి. దాని పేపరు ఎవరి చేతుల్లో ఉందో మాకు తెలియదు. ఇది ఎవరికి రెండు వేసిందో మాత్రం వాళ్ళకు తెలుసు.

"ఎంత వేస్తే తేడా ఐదు దాటదు?"

"నాలుగు. ఇంకా రెండు రోజుల దాకా మార్చుకోవచ్చు."

"ఇంకొకటి కలిపి ఐదు వెయ్యి. పగ ఉండదు, పొగడ్తా ఉండదు. కానీ నువ్వు రాసిన పేజీన్నరలో ఒక్క అక్షరం మార్చకు. మార్కు వాళ్ళ కోసం, రాసింది ఆ పెద్ద కోసం. ఆయన చదువుకుని ఆయనే తీసెయ్యనీ. నీ చేతికి మట్టి అంటదు."

ఎంత బాగా తూచానో అని ఆ పూట నాకు నేనే మెచ్చుకున్నాను. డిపోలో అధికారి స్వయంగా దుంగ దగ్గరికి వెళ్ళి, తట్టి చూసి, సంతకం పెడతాడు. ఇక్కడా పైవాడు సరుకు చూస్తాడనే అనుకున్నాను.

కొలబద్ద చాలాసేపు రెండు మీద వేలు పెట్టి కూర్చుంది. తర్వాత ఐదు కొట్టింది.

ఫలితాలు వచ్చిన రోజు దాని మొహం చూసి పోయిందే అనుకున్నాను. పోలేదు. దుంగల పేపరు నిలిచింది. మార్కులు తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది. మా ఆవిడ పట్టలేక దాన్ని కావలించుకుంది. అది కొయ్యలా నిలబడింది.

"నా పేపర్లో ఆరో బొమ్మ, ఏడో బొమ్మ ఒకటే అత్తయ్యా. పొరపాటున ఒకే గ్రాఫు రెండుసార్లు అతికించాను. పంపాక చూసుకుని వారం రోజులు నిద్రపోలేదు. ముగ్గురు చదివారు. ఒక్కరూ పట్టుకోలేదు."

"పోనీలేవే, మంచిదేగా."

"చదవలేదు అత్తయ్యా. ఎవ్వరూ చదవలేదు. తలా మూడు వాక్యాలు రాశారు."

"మరి ఆ నాలుగు వందల పదిహేడు?" అన్నాను.

"నిలిచింది. సగటు ఏడు దాటింది కదా. ఆ పెద్ద దగ్గర అరవై పేపర్లు ఉన్నాయట. అంకెలు చూసి కింద ఒకే వాక్యం రాశాడు. ముగ్గురూ సుముఖంగా ఉన్నారు, అని." కంప్యూటరు మూసేసి, "నేనూ ఆ ముగ్గుర్లో ఉన్నాను" అంది.

నెల తిరక్కుండా ప్రొఫెసరు గారు మా అడితికి వచ్చారు. పుస్తకాల బీరువా చేయించుకోవాలట. సన్నగా, నెమ్మదిగా, చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చే రకం మనిషి. పలకల మధ్య తిరిగి, తనకు కావలసిన దాని దగ్గర ఆగకుండా పక్కదాని మీద చెయ్యి వేశారు. అప్పుడే నాకు ఆయన సంగతి అర్థమైంది. ఆయనకు నా సంగతి అప్పటికే తెలుసు.

"మీ మేనకోడలు బంగారం అండీ. కొంచెం మొండి, అంతే. ఇంట్లో మంచి సలహా చెప్పేవాళ్ళు ఉండటం దాని అదృష్టం."

"నేనేం చెప్పానండీ, చదువు లేనివాణ్ణి."

"ఐదు చెప్పారుగా" అన్నారు నవ్వుతూ. "అది మీ అమ్మాయికి తోచే అంకె కాదు. అదైతే రెండన్నా ఉంచుతుంది, తొమ్మిదన్నా వేస్తుంది. ఐదు వేసేది వ్యాపారస్తుడే."

పలకల వెనక రంపం ఆడుతోంది. అయినా ఆయన గొంతు పెంచలేదు, నాకు ప్రతి అక్షరం వినిపించింది.

"డిగ్రీ వచ్చాక మా దగ్గరే ఉద్యోగం ఇప్పిస్తాను. బయటికి పోతే దానికి కష్టం. లోకం మంచిది కాదు చూడండి."

ఆ సాయంత్రం నేను కొలబద్దను పిలిచి, "డిగ్రీ కాగితం తీసుకుని ఇక్కణ్ణుంచి వెళ్ళిపో. వేరే ఊరు, వేరే యూనివర్సిటీ. నేను పంపిస్తా" అన్నాను.

అది నవ్వింది. మా ఇంట్లో అలాంటి నవ్వు నేను అంతకుముందు వినలేదు.

"ఎక్కడికెళ్ళను మామయ్యా? ఎక్కడికెళ్ళినా పేపర్లు ఆ సదస్సులకే పంపాలి. నా పేపరుకి తొమ్మిది వేసినవాళ్ళ పేర్లు నాకు తెలీవు. నా పేరు వాళ్ళకి తెలుసు. రేపు నేను నోరు తెరిస్తే, ముందు తియ్యాల్సింది నా డిగ్రీనే. ఆ తొమ్మిదులు ఎలా వచ్చాయో అడుగుతారు. నేనేం చెప్పను? చదవకుండా వేశారని చెప్పనా, ఐదు వేసినందుకు వేశారని చెప్పనా?"

మా ఐదుగురిలోంచి ఇరవై ఏళ్ళలో ఒక్కడూ బయటికి పోలేదు. పోవాలని ఎవరికీ లేక కాదు.

ఉద్యోగం వచ్చింది. ఏడాది తిరిగింది. మళ్ళీ బిడ్డింగ్ రోజులు వచ్చాయి. ఈసారి ప్రొఫెసరు గారు ఫోను కూడా చెయ్యలేదు. తను చెప్పిన రెండో బీరువా తయారైందా అని అడగడానికి వచ్చిన మనిషి చేత మడిచిన కాగితం ఒకటి పంపారు. అందులో ఎనిమిది పేపర్ల నంబర్లు ఉన్నాయి. ఏడింటి కింద గీత లేదు. ఎనిమిదో దాని కింద ఒక గీత గీసి, పక్కన రెండు అని రాసి ఉంది.

కొలబద్ద ఆ కాగితం చూసి, కంప్యూటరు తెరిచి, ఎనిమిదింటికీ కావాలి అని పెట్టింది. రెండు వారాల తర్వాత వాటిలో ఆరు దాని దగ్గరికే వచ్చాయి. గీత గీసినది అందులో ఉంది. మొదటి ఐదింటినీ ఒక్క పూటలో ముగించింది. ఒక్కోదానికి తొమ్మిది, మూడు వాక్యాలు. నేను ఎదురుగా కూర్చుని న్యూస్ పేపరు చదువుతున్నట్టు ఉన్నాను.

ఆరోదాన్ని మాత్రం చదివింది. ఉదయం మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా చదివింది. భోజనానికి లేవలేదు. మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి పోయింది.

"ఏముంది అందులో?" అన్నాను చివరికి.

"ఆ చంటిపిల్లల ఊపిరిదే. కిందటేడు వచ్చిన దాన్ని వీళ్ళు తీసుకెళ్ళి మూడు ఆసుపత్రుల్లో కొత్త పిల్లల మీద వాడి చూశారు. నూటికి అరవై ఒకటికి పడిపోయింది. మూడో ఆసుపత్రిలో తొమ్మిది మంది జబ్బు పిల్లల్ని బాగున్నారని చెప్పిందట. ఎందుకలా అయిందో కూడా కనిపెట్టారు. ఒకే బిడ్డ చప్పుడుని ముక్కలు చెయ్యడం వల్ల అని." కళ్ళు తెర మీద నుంచి తిప్పకుండా చెప్పింది. "నేను రాసిన పేజీన్నరే మామయ్యా. వాళ్ళు నాకన్నా బాగా రాశారు."

"పిల్లలకి ఏమైంది?"

"డాక్టర్లు ఉన్నారుగా పక్కన, పరీక్షే కాబట్టి. ఈసారి ఏమీ కాలేదు. ఆ ఫోను యంత్రం మాత్రం ఒక కంపెనీ తయారుచేస్తోందట. వచ్చే ఏడు అమ్మకానికి వస్తుందని ఇందులోనే రాశారు. అందుకే తొందరగా అచ్చు వెయ్యమంటున్నారు."

నేను ఏదో ఒకటి అనాలి. వెయ్యకు అనాలి. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. దాని వెనకే లెక్క వచ్చింది. ఇది రెండు వెయ్యకపోతే ఇంకొకరు వేస్తారు. పేపరు ఎలాగూ పోతుంది. దాంతోపాటు మా పిల్ల కూడా పోతుంది. రెండు పోయేకన్నా ఒకటి పోవడం నయం. ముప్పై ఏళ్ళుగా నా బుర్ర అలాగే పనిచేస్తుంది, ఆగమంటే ఆగదు.

కొలబద్ద రెండు కొట్టింది. తర్వాత రాయడం మొదలుపెట్టింది. మంచిదాన్ని తీసెయ్యాలంటే మూడు వాక్యాలు చాలవు. ఎవరూ వేలు పెట్టి చూపలేనట్టు రాయాలి. కొలత తప్పకుండా, మర్యాదగా, ఓపిగ్గా రాస్తోంది. పేజీ దాటింది. ఒకచోట ఆగిపోయి, వేళ్ళు అలాగే ఉంచి, నా వైపు చూడకుండానే అడిగింది.

"మామయ్యా, సరుకులో ఏ తప్పూ లేదనుకో. అయినా అది నీకు అడ్డం. వేలం నుంచి తప్పించాలంటే అధికారికి ఏం చెబుతావు?"

నేను చెప్పకపోతే అది ఇంకేదో రాస్తుంది. పిల్ల దొరికిపోతుంది.

"ఇంకో ఏడాది ఆరాలి అంటాం" అన్నాను. "చెక్క బాగానే ఉంది గాని, ఇంకా పచ్చి వదల్లేదు, ఇంకో ఏడాది ఆరనివ్వండి అంటాం. ఆ మాటని ఎవడూ కాదనలేడు."

"ఏడాది" అని, అది తల ఊపి, రాసుకుంది.